డ్రగ్ మాస్టర్‌లో మందులను వాడుకను బట్టి వర్గీకరించడం: కోడ్ ఎక్కడ తగిలించాలి, ఎక్కడ నమ్మకూడదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌లో డ్రగ్ మాస్టర్‌కు (మందులన్నిటి మూల జాబితాకు) ‘కేటగిరీ’ అని ఒకే కాలమ్ ఉంది. అందులో ఒకరు ‘యాంటీబయాటిక్’ అని, మరొకరు ‘ఇన్‌ఫెక్షన్’ అని, ఇంకొకరు ‘ట్యాబ్లెట్’ అని నింపుకుంటూ పోయారు. ఇప్పుడు దాన్ని చికిత్సా ప్రయోజనాన్ని బట్టి పద్ధతిగా మార్చాలి. ఒకే మందుకు రెండు మూడు వాడుకలుంటే ఏది రాయాలి? ఏటీసీ (మందుల అంతర్జాతీయ వర్గీకరణ) కోడ్ పెడితే చాలా? వాడకం రిపోర్టులు, అలర్ట్‌లు అన్నీ దాని మీదే నడపొచ్చా?

ఏటీసీ వాడండి, ఎంపిక సరైనదే. అయితే మూడు షరతులున్నాయి. కోడ్‌ను బ్రాండ్‌కూ తగిలించకూడదు, ఉత్త మూల ఔషధానికీ తగిలించకూడదు. ఆ రెంటికీ మధ్యన ఉండే ‘మూల ఔషధం, బలం, రూపం, ఇచ్చే మార్గం’ అనే మెట్టుకు తగిలించాలి. ఫలానా రోగికి ఆ మందు ఎందుకు రాశారో ఏటీసీ చెప్పదు కాబట్టి ఆ కారణాన్ని ప్రిస్క్రిప్షన్‌లోనే విడిగా నమోదు చేయించాలి. భద్రతా అలర్ట్‌లను ఏటీసీ చెట్టు (కోడ్‌ల మెట్ల వరస) మీద నేరుగా నడపకూడదు. ఈ మూడూ పాటించకపోతే మాస్టర్ చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ రిపోర్టులు తప్పుతాయి, అలర్ట్‌లు రావాల్సిన చోట రావు.

(కోడ్‌లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. సిస్టమ్‌లో మాత్రం రోమన్ పెద్ద అక్షరాలు, అంకెలుగానే ఉండాలి, మధ్యలో ఖాళీ లేకుండా.)

కోడ్ లోపల ఏముంది

ఏటీసీ అంటే శరీర భాగం, చికిత్సా ప్రయోజనం, రసాయన గుణం అనే మూడింటినీ కలిపి చేసిన వర్గీకరణ. నార్వేలో 1970లలో రూపుదిద్దుకుంది. దాని నిర్వహణ ఓస్లోలో 1982లో ఏర్పడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రానిది. ప్రతి కోడ్‌కూ ఐదు మెట్లు. మెట్‌ఫార్మిన్‌ను చూడండి: ఏ అంటే జీర్ణవ్యవస్థ, జీవక్రియ; ఏ10 అంటే మధుమేహం మందులు; ఏ10బీ అంటే ఇన్సులిన్లు కాని షుగర్ మందులు; ఏ10బీఏ అంటే బైగ్వనైడ్లు; ఏ10బీఏ02 అంటే మెట్‌ఫార్మిన్. మెట్ల పొడవు వరసగా 1, 3, 4, 5, 7 అక్షరాలు. మొదటి మెట్టులో 14 అక్షరాలే ఉంటాయి: ఏ, బీ, సీ, డీ, జీ, హెచ్, జే, ఎల్, ఎం, ఎన్, పీ, ఆర్, ఎస్, వీ.

ఈ నిర్మాణం వల్ల ముందు భాగాన్ని పట్టుకుని వెతకడం తేలిక. ‘ఏ10’తో మొదలయ్యేవన్నీ షుగర్ మందులే. కానీ పొడవు గమనించకుండా ‘ఏ1’తో వెతికితే ఏ11లోని విటమిన్లు, ఏ12లోని ఖనిజ లవణాలు కూడా వచ్చి కూర్చుంటాయి. అందుకే ఐదు మెట్లనూ విడివిడి కాలమ్‌లుగా పెట్టుకోవడం మేలు.

ఇంకొకటి: ఈ కోడ్‌లో తనిఖీ అంకె లేదు. సీ09ఏఏ05 అంటే రామిప్రిల్, సీ09ఏఏ03 అంటే లిసినోప్రిల్. ఒక్క అంకె తప్పు కొట్టినా కోడ్ చెల్లుబాటుగానే ఉంటుంది, సిస్టమ్ కిక్కురుమనదు. అందువల్ల కోడ్‌ను చేత్తో కొట్టించకండి. పేరు కొడితే జాబితా రావాలి, అందులోంచి ఎంచుకోవాలి, ఎంచుకున్నాక కోడ్ పక్కనే అధికారిక పేరు కనిపించాలి.

ఎంత పైకి వెళ్తే అంత ప్రయోజనం, ఎంత కిందికి వస్తే అంత రసాయనం అని గుర్తుంచుకుంటే చాలా సందేహాలు తీరతాయి. అయితే ఇదీ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. మధుమేహానికి ఏ10 అని ఒకే గది (వర్గం) ఉంది. బీపీకి అలా లేదు. బీపీ మందులు సీ02, సీ03, సీ07, సీ08, సీ09 గదుల్లో పరచుకుని ఉంటాయి. వాటిలో మూత్రం ఎక్కువ పోయించేవి, బీటా బ్లాకర్లు బీపీకే కాదు, గుండె బలహీనతకూ, ఇంకా చాలా వాటికీ వాడతారు. ‘బీపీ మందులు’ అనే రిపోర్టు కావాలంటే ఏయే గదులు కలుపుతున్నారో మీరే నిర్ణయించి రాసిపెట్టుకోవాలి.

కోడ్ ఎక్కడ తగిలించాలి

దీనికి మెట్రోనిడజోల్ కంటే మంచి ఉదాహరణ లేదు. నోటి మాత్ర అయితే పీ01ఏబీ01, అంటే పరాన్నజీవుల మందుల గది. నరంలోకి ఎక్కించే సీసా అయితే జే01ఎక్స్‌డీ01, అంటే బ్యాక్టీరియా మందుల గది. చర్మానికి రాసే జెల్ డీ06బీఎక్స్01. యోనిలో పెట్టే మాత్ర జీ01ఏఎఫ్01. చిగుళ్లకు వాడేది ఏ01ఏబీ17. మూల ఔషధం ఒకటే, గదులు ఐదు. మూల ఔషధానికి ఒకే కోడ్ రాసిన మాస్టర్‌లో వీటిలో నాలుగు తప్పే.

సిప్రోఫ్లాక్ససిన్ కూడా అంతే: మాత్ర, ఇంజెక్షన్ జే01ఎంఏ02, కంటి చుక్కలు ఎస్01ఏఈ03, చెవి చుక్కలు ఎస్02ఏఏ15, కంటికీ చెవికీ రెండింటికీ పనికొచ్చే చుక్కలైతే ఎస్03ఏఏ07.

కొన్నిసార్లు మార్గం ఒకటే అయినా బలాన్ని బట్టి కోడ్ మారుతుంది. ఫినాస్టరైడ్ 5 మి.గ్రా. మాత్ర ప్రొస్టేట్ వాపుకు, కోడ్ జీ04సీబీ01. 1 మి.గ్రా. మాత్ర జుట్టు రాలడానికి, కోడ్ డీ11ఏఎక్స్10. రెండూ నోటి మాత్రలే. కానీ సిల్డెనాఫిల్ సంగతి వేరు: లైంగిక సమస్యకు వాడే బలాలకూ, ఊపిరితిత్తుల రక్తపోటుకు వాడే 20 మి.గ్రా. మాత్రకూ ఒకే కోడ్, జీ04బీఈ03. ఒకచోట విడదీసి, ఇంకోచోట ఎందుకు విడదీయలేదని తర్కం వెతుక్కోకండి. వాడుక మారిన ప్రతిసారీ కొత్త కోడ్ ఇవ్వడం ఆ పద్ధతి ఉద్దేశం కాదు. ఒక ఉత్పత్తికి ఒకే కోడ్, ప్రధాన వాడుక ఆధారంగా ఇవ్వడమే దాని సూత్రం. రూపం, బలం స్పష్టంగా వేరే చికిత్సను సూచిస్తేనే మరో కోడ్ ఇస్తారు. కాబట్టి ఊహించి రాయకండి, ప్రతి రూపానికీ ఏటీసీ సూచికలో (ఓస్లో కేంద్రం ఇచ్చే కోడ్‌ల జాబితాలో) చూసి రాయండి.

వ్యాంకోమైసిన్ దగ్గర ఒక మెలిక ఉంది. ఇంజెక్షన్ వయల్ జే01ఎక్స్ఏ01, నోటి క్యాప్సూల్ ఏ07ఏఏ09. పెద్దపేగు ఇన్‌ఫెక్షన్‌లో కొన్నిసార్లు ఇంజెక్షన్ వయల్‌నే కలిపి నోటి ద్వారా తాగిస్తారు. అప్పుడు కూడా ఆ ఉత్పత్తి కోడ్ మారదు. మారేది ఆ ఆర్డర్‌లోని మార్గం మాత్రమే. అందుకే ఉత్పత్తి మార్గం వేరు, ఇచ్చిన మార్గం వేరు అని రెండు కాలమ్‌లు ఉండాలి.

డేటాబేస్‌లో ఇది నాలుగు టేబుళ్లు అవుతుంది. మొదటిది మూల ఔషధాలు, అంతర్జాతీయ జెనెరిక్ పేరుతో. రెండోది జెనెరిక్ ఉత్పత్తి: ఏ మూల ఔషధాలు, ఒక్కొక్కటి ఎంత బలం, ఏ రూపం, ఏ మార్గం. కాంబినేషన్ మందుకు ఇక్కడ ఒకే వరస ఉంటుంది, దాని కింద భాగాల వరసలు రెండో మూడో ఉంటాయి. మూడోది బ్రాండ్, ప్యాక్. ధర, బార్‌కోడ్, స్టాక్ దీనికి. నాలుగోది వర్గీకరణ లింకు: జెనెరిక్ ఉత్పత్తి సంఖ్య, పద్ధతి పేరు, కోడ్, ఏ సంవత్సరపు సూచిక, ఎప్పటి నుంచి, ఎప్పటి వరకు, ఎవరు పెట్టారు, ఎవరు సరిచూశారు. బ్రాండ్ ఎన్నిసార్లు మారినా వర్గీకరణ పని మళ్లీ చేయాల్సిన అవసరం రాదు. కొత్త బ్రాండ్ వస్తే ఉన్న జెనెరిక్ ఉత్పత్తికి కట్టేస్తే చాలు.

మీ ‘కేటగిరీ’ కాలమ్‌ను వెంటనే తుడిచేయకండి. పాత రిపోర్టులు దాని మీద ఆధారపడి ఉంటాయి. దాన్ని చదవడానికి మాత్రమే ఉండేలా మార్చి, కొత్త లింకు టేబుల్ నిండాక రెండింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు చూడండి. ‘యాంటీబయాటిక్’ అని ఉన్నవాటిలో జే01 కానివి ఎన్ని, జే01లో ఉండి ‘యాంటీబయాటిక్’ అని లేనివి ఎన్ని అని అడిగితే తప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే బయటపడుతుంది.

నింపే క్రమం

ముందు పేర్లు శుభ్రం చేయాలి. సాల్ట్ పేరు, మూల పేరు కలిసిపోయి ఉంటాయి. ‘మెట్‌ఫార్మిన్ హైడ్రోక్లోరైడ్’, ‘మెట్‌ఫార్మిన్ హెచ్‌సీఎల్’, ‘మెట్‌ఫార్మిన్’ మూడూ ఒకే మూలానికి కట్టాలి, సాల్ట్‌ను విడి కాలమ్‌లో ఉంచాలి. పేరు చివరి శబ్దాలు ఇక్కడ బాగా సాయపడతాయి: ‘ప్రిల్’, ‘సార్టాన్’, ‘స్టాటిన్’, ‘ప్రజోల్’ లాంటివి అంతర్జాతీయ పేర్లలో ఉద్దేశపూర్వకంగా పెట్టినవే. ఒకే గదిలో పడాల్సినవి వేరే గదిలో పడితే ఈ తోకలతో వెతికి పట్టుకోవచ్చు. గుడ్డిగా మాత్రం నమ్మకండి: ఒమెప్రజోల్ ఆమ్లం తగ్గించేది, అరిపిప్రజోల్ మానసిక రోగాల మందు. తోక ఒకేలా వినిపించినా గదులు వేరు.

తర్వాత కాంబినేషన్లు. సూచికలో ఐదో మెట్టు అంకెలకు ఒక క్రమం ఉంది. ఒకే నాలుగో మెట్టులోని రెండు మూలాలు కలిస్తే సాధారణంగా 20 లేదా 30. వేర్వేరు గదులవి కలిస్తే 50 వరస. మానసిక స్థిమితానికి వాడే మందుతో కలిస్తే 70 వరస. పారాసిటమాల్ ఒక్కటే అయితే ఎన్02బీఈ01, ఇతర వాటితో కలిస్తే ఎన్02బీఈ51, ఆ తరగతి మందుతో కలిస్తే ఎన్02బీఈ71. బాగా వాడుకలో ఉన్న జతలకు సొంత గదులే ఉంటాయి: టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ జతకు సీ09డీబీ04, మెట్‌ఫార్మిన్, సిటాగ్లిప్టిన్ జతకు ఏ10బీడీ07.

కాంబినేషన్ కోడ్ నుంచి లోపలి భాగాలు తెలుసుకోవచ్చని అనుకోవడం పెద్ద పొరపాటు. ఏ10బీడీ02 అంటే ‘మెట్‌ఫార్మిన్, సల్ఫోనైల్‌యూరియాలు’. అందులో గ్లిమెపిరైడ్ ఉందో గ్లిబెన్‌క్లమైడ్ ఉందో కోడ్ చెప్పదు. ఎన్02బీఈ51లో పారాసిటమాల్‌తో ఏం కలిసిందో అంతకన్నా తెలియదు. అందుకే భాగాల టేబుల్ తప్పనిసరి.

సూచికలో కోడ్ లేని మందు కచ్చితంగా ఎదురవుతుంది: కొత్తగా వచ్చినవి, కొద్ది చోట్లే దొరికే మూడు నాలుగు మందుల కాంబినేషన్లు. అప్పుడు సొంతంగా ఏడక్షరాల కోడ్ తయారు చేయకండి. రేపు అదే కోడ్ అధికారికంగా వేరే మందుకు రావొచ్చు, అప్పుడు మీ డేటా మౌనంగా చెడిపోతుంది. నాలుగో మెట్టు వరకు, అదీ కుదరకపోతే మూడో మెట్టు వరకు మాత్రమే రాసి, ‘తాత్కాలికం’ అని గుర్తు పెట్టి, క్యూలో ఉంచండి. ఇక సిరంజీలు, పట్టీలు, ప్రయోగశాల ద్రావణాలు, పోషక పొడులు ఇవన్నీ మందుల మాస్టర్‌లో కలిసిపోయి ఉంటాయి. ఏదో ఒకటి రాయాలని వాటిని ‘వీ’ (ఇతరాలు) గదిలోకి తోయకండి. ‘వర్గీకరణ వర్తించదు’ అనేది ఒక విడి విలువ. ఖాళీగా ఉండటం వేరు, వర్తించకపోవడం వేరు. రెంటినీ కలిపేస్తే పని ఎంత మిగిలిందో ఎప్పటికీ తెలియదు.

ప్రతి లింకునూ ఇద్దరు చూడాలి. ఒకరు ఫార్మసిస్ట్ పెట్టాలి, ఇంకొకరు మొదటివాళ్లు ఏం పెట్టారో చూడకుండా తామూ పెట్టాలి. తేడా వచ్చినవి మాత్రమే చర్చకు రావాలి. మొదటివారి జవాబు కనిపిస్తూ ఉంటే రెండో పరిశీలన సంతకంగా మారిపోతుంది.

కారణం వేరు, కోడ్ వేరు

ఆస్పిరిన్ తక్కువ మోతాదు గుండె రక్షణకు బీ01ఏసీ06, నొప్పికి ఎన్02బీఏ01. ఇక్కడ బలం సాయంతో విడదీయొచ్చు. మిగతావాటికి ఆ వీలు లేదు. ప్రొప్రనొలాల్ కోడ్ సీ07ఏఏ05, గుండె గది. కానీ అది మైగ్రేన్ రాకుండా, చేతుల వణుకుకు, థైరాయిడ్ ఎక్కువైనప్పుడు కూడా ఇస్తారు. అమిట్రిప్టిలిన్ కోడ్ ఎన్06ఏఏ09, డిప్రెషన్ గది; తక్కువ డోసులో నరాల నొప్పికి ఎంతోమందికి రాస్తారు. డపాగ్లిఫ్లోజిన్ షుగర్ గదిలో ఉంది, అయినా షుగర్ లేని గుండె బలహీనత రోగులకూ, కిడ్నీ రోగులకూ ఇస్తున్నారు. మెథోట్రెక్సేట్‌కు క్యాన్సర్ గదిలో ఎల్01బీఏ01, రోగనిరోధక శక్తిని అదుపు చేసే గదిలో ఎల్04ఏఎక్స్03.

మందుల జాబితా చూసి ‘మధుమేహం ఉన్నవారు ఇంతమంది’, ‘డిప్రెషన్ ఉన్నవారు ఇంతమంది’ అని లెక్కలు తీయొద్దని అందుకే గట్టిగా చెబుతున్నాను. ఆ లెక్క తప్పడం ఒక సంగతి. నరాల నొప్పికి మందు తీసుకుంటున్న మనిషి రికార్డులో ‘మానసిక వ్యాధి మందులు’ అనే శీర్షిక కింద ఆ మందు అచ్చయి చేతికి వస్తే ఆ మనిషికి కలిగే బాధ ఇంకో సంగతి. రోగికి ఇచ్చే కాగితం మీద ఏటీసీ గది పేరు ఎప్పుడూ అచ్చు వేయకండి.

ప్రిస్క్రిప్షన్‌లో కారణం కోసం ఒక గడి పెట్టండి, దాన్ని రోగ నిర్ధారణ కోడ్‌కు కట్టండి. అన్ని మందులకూ తప్పనిసరి చేస్తే డాక్టర్లు మొదటి ఎంపికను నొక్కేసి ముందుకు పోతారు, ఆ డేటా పనికిరాదు. ఏ మందుకు కారణం తెలియకపోతే ప్రమాదమో వాటికే తప్పనిసరి చేయండి: మెథోట్రెక్సేట్, యాంటీబయాటిక్‌లు, రక్తం పలుచన చేసేవి, స్టెరాయిడ్లు. మెథోట్రెక్సేట్ ఉదాహరణ చాలు. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్రను రోజూ అని రాస్తే ప్రాణం పోతుంది. కారణం నమోదై ఉంటేనే సిస్టమ్ ఆ తప్పును పట్టగలదు.

అలర్ట్‌లు: ఇక్కడే ఎక్కువ హాని జరుగుతుంది

ఏటీసీ పుట్టింది మందుల వాడకాన్ని లెక్కపెట్టడానికి. ఎలర్జీ చూడటానికి కాదు, ఒకే మందు రెండుసార్లు పడటాన్ని పట్టుకోవడానికీ కాదు. చెట్టు చేతిలో ఉంది కదా అని వాటికి వాడితే ఇలా అవుతుంది.

పెన్సిలిన్ ఎలర్జీ ఉన్న రోగికి జే01సీ గదిని ఆపేశారనుకోండి. ఒమెప్రజోల్, అమోక్సిసిలిన్, క్లారిథ్రోమైసిన్ కలిపి ఇచ్చే కడుపు పుండు కిట్ కోడ్ ఏ02బీడీ05, జీర్ణవ్యవస్థ గది. దాని లోపల పెన్సిలిన్ జాతి మందు ఉంది, అలర్ట్ రాదు. సల్ఫా ఎలర్జీకి జే01ఈ చూస్తే కాలిన గాయాలకు పూసే సిల్వర్ సల్ఫాడయజిన్ డీ06బీఏ01లో తప్పించుకుంటుంది, పేగు వాపుకు ఇచ్చే సల్ఫాసలజిన్ ఏ07ఈసీ01లో తప్పించుకుంటుంది. ఆస్తమా రోగికి బీటా బ్లాకర్ హెచ్చరిక సీ07 మీద పెడితే గ్లాకోమాకు వేసే టిమోలాల్ కంటి చుక్కలు ఎస్01ఈడీ01లో ఉంటాయి. ఆ చుక్కలు రక్తంలోకి చేరి ఊపిరి పట్టేసే ప్రమాదం నిజమైనదే.

రెండుసార్లు పడటం విషయంలో రెండు వైపులా తప్పుతుంది. ఆమ్లోడిపిన్ సీ08సీఏ01 వాడుతున్న మనిషికి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ జత సీ09డీబీ04 రాస్తే ఆమ్లోడిపిన్ రెండింతలవుతుంది. కోడ్‌లు రెండో మెట్టు దగ్గరే విడిపోయాయి కాబట్టి సిస్టమ్‌కు కనబడదు. పారాసిటమాల్ ఎన్02బీఈ01, ట్రమడాల్‌తో కలిసినది ఎన్02ఏజే13: ఇక్కడా అదే, పైగా కాలేయం దెబ్బతినే వ్యవహారం. మరోపక్క, భోజనానికి వేసే ఇన్సులిన్, రోజంతా పనిచేసే ఇన్సులిన్ రెండూ ఏ10ఏ గదిలోనే ఉంటాయి. వాటిని కలిపి వాడటం సరైన చికిత్స. మూడో మెట్టు దగ్గర పోల్చే అలర్ట్ ప్రతి ప్రిస్క్రిప్షన్‌కూ మోగుతుంది, నాలుగు రోజుల్లో అందరూ చూడకుండానే మూసేయడం అలవాటు చేసుకుంటారు.

నల్లమందు జాతి మందుల కోసం ఎన్02ఏ ఒక్కటే చూస్తే దగ్గు మందులోని కోడీన్ ఆర్05డీఏ04, మత్తు కోసం ఇచ్చే ఫెంటానిల్ ఎన్01ఏహెచ్01, వ్యసన చికిత్సలో ఇచ్చే మెథడోన్ ఎన్07బీసీ02 తప్పిపోతాయి. రక్తం పలుచన చేసే మందులకు బీ01ఏ మొత్తం పెడితే వార్ఫరిన్, అపిక్సబాన్‌లతో పాటు తక్కువ మోతాదు ఆస్పిరిన్ కూడా వచ్చి అలర్ట్‌ల వరద అవుతుంది.

ఇందుకు చేయాల్సింది: ప్రతి భద్రతా నియమానికీ సొంత మందుల సమూహం తయారు చేయండి, దాన్ని మూల ఔషధం మీద కట్టండి, అవసరమైతే మార్గం కూడా చేర్చండి. ‘పెన్సిలిన్ జాతి’ అనే సమూహంలో అమోక్సిసిలిన్ ఉంటే అది ఏ కిట్‌లో, ఏ కాంబినేషన్‌లో ఉన్నా భాగాల టేబుల్ ద్వారా పట్టుబడుతుంది. సమూహం మొదటి ప్రతి తయారు చేసేటప్పుడు ఏటీసీ గదులను ఆసరాగా తీసుకోవచ్చు, తర్వాత ఫార్మసిస్ట్, డాక్టర్ కలిసి చేర్చాలి, తీసేయాలి. ప్రతి సమూహానికీ ఒక బాధ్యుడు, ఒక సమీక్ష తేదీ ఉండాలి. ఖర్చు, శ్రమ ఎక్కడ పెట్టాలని అడిగితే నేను చూపించే చోటు ఇదే.

వాడకం రిపోర్టులు, డీడీడీ

ఏటీసీతో పాటు వచ్చే డీడీడీ అనేది ఒక కొలత: పెద్దవారిలో ఆ మందును దాని ప్రధాన ప్రయోజనానికి వాడినప్పుడు రోజుకు సగటున పడుతుందని ఊహించిన నిర్వహణ మోతాదు. అది రాయాల్సిన డోసు కాదు. పిల్లలకు వర్తించదు, కిడ్నీ పనిచేయని వారికి వర్తించదు. మాస్టర్‌లో ఈ కాలమ్‌ను ‘డోసు’ అని పేరు పెట్టి తెరమీద చూపించకండి, ఎవరో ఒకరు దాన్ని చూసి రాస్తారు. మెట్‌ఫార్మిన్‌కు 2 గ్రాములు, పారాసిటమాల్‌కు 3 గ్రాములు, అటోర్వాస్టాటిన్‌కు 20 మి.గ్రా. పైపూత మందులకు, టీకాలకు, క్యాన్సర్ మందులకు డీడీడీ ఉండదు. ఖాళీని సున్నాగా లెక్కపెడితే భాగహారం దగ్గరే రిపోర్టు కూలుతుంది.

లెక్క ఇలా. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ డీడీడీ 2 గ్రాములు. నెలలో 1 గ్రాము వయల్స్ 400 వాడారనుకుందాం: 400 గ్రాములను 2తో భాగిస్తే 200 డీడీడీలు. ఆ నెలలో నిండిన మంచాల రోజులు 2,500 అయితే 200ను 2,500తో భాగించి 100తో హెచ్చిస్తే 8. అంటే 100 మంచం-రోజులకు 8 డీడీడీలు. స్టోర్ నుంచి వార్డుకు పంపిన సంఖ్య కాకుండా, తిరిగి వచ్చినవి తీసేసిన సంఖ్యను వాడండి.

అమోక్సిసిలిన్, క్లావులనేట్ దగ్గర చాలామంది జారతారు. పెట్టె మీద 625 అని ఉంటుంది: 500 అమోక్సిసిలిన్, 125 క్లావులనేట్. డీడీడీ అమోక్సిసిలిన్ భాగానికే, నోటి ద్వారా 1.5 గ్రాములు. 30 మాత్రలంటే 15 గ్రాములు, 10 డీడీడీలు. 625తో లెక్కిస్తే 12.5 వస్తుంది, వాడకం నాలుగో వంతు ఎక్కువ కనిపిస్తుంది. భాగాల టేబుల్ ఉంటే ఈ తప్పు జరగదు.

‘యాంటీబయాటిక్ వాడకం’ అంటే జే01 అని మాత్రమే పెట్టుకుంటే నోటి మెట్రోనిడజోల్ పీ01ఏబీలో, నోటి వ్యాంకోమైసిన్ ఏ07ఏఏలో, క్షయ మందులు జే04ఏలో మిగిలిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడకపు లెక్కల్లో ఈ గదులను కూడా చూస్తుంది. ఏవి కలిపారో రిపోర్టు తల మీదే రాయండి, లేకపోతే వచ్చే ఏడాది వేరొకరు తీసిన సంఖ్యతో పోల్చి అనవసరంగా కంగారుపడతారు.

ప్రతి జనవరిలో

సూచిక ఏటా జనవరిలో కొత్తది వస్తుంది. కొత్త కోడ్‌లు చేరడమే కాదు, పాతవి మారతాయి కూడా. ఇమాటినిబ్ ఎల్01ఎక్స్ఈ01 నుంచి 2021లో ఎల్01ఈఏ01కి మారింది. ట్రాస్టుజుమాబ్ ఎల్01ఎక్స్‌సీ03 నుంచి 2022లో ఎల్01ఎఫ్‌డీ01కి మారింది. డీడీడీలు కూడా మారతాయి: నోటి అమోక్సిసిలిన్ 2019లో 1 గ్రాము నుంచి 1.5 గ్రాములైంది. అంటే ఎన్ని మాత్రలు వాడారో అన్నే వాడినా 2019లో డీడీడీల సంఖ్య మూడో వంతు పడిపోయినట్టు కనిపిస్తుంది. యాంటీబయాటిక్ వాడకం తగ్గిందని సంబరపడటానికి అది కారణం కాదు.

పాత కోడ్ మీద కొత్తది రాసేయకండి. పాత లింకుకు ముగింపు తేదీ వేసి కొత్త వరస చేర్చండి. అనేక ఏళ్ల పోలిక తీసేటప్పుడు మొత్తం కాలానికి ఒకే సంవత్సరపు సూచిక, అదీ తాజాది, వర్తింపజేసి మళ్లీ లెక్కించండి. అందుకోసం ముడి లెక్క, అంటే ఎన్ని మాత్రలు, ఎంత బలం అనేది చెక్కుచెదరకుండా ఉంచాలి. డీడీడీలుగా మార్చిన సంఖ్యను మాత్రమే దాచుకున్న చోట ఈ పని అసాధ్యం.

మిగతా పద్ధతుల గురించి క్లుప్తంగా. ఆర్ఎక్స్‌నార్మ్, స్నోమెడ్ సీటీ లాంటివి మందును కచ్చితంగా గుర్తించడానికి, సిస్టమ్‌ల మధ్య పంపడానికి మంచివి. అవి ఏటీసీకి పోటీ కాదు, లింకు టేబుల్‌లో పక్క వరసలుగా ఉండొచ్చు. జాగ్రత్త పడాల్సింది ఈఫ్‌ఎంఆర్ఏ వర్గీకరణతో. ఔషధ మార్కెట్ అమ్మకాల డేటాలో అదే వస్తుంది, అక్షరాలు ఏటీసీలాగే కనిపిస్తాయి, కానీ గదులు అన్నిచోట్లా ఒకటి కావు. గుర్తుపట్టే తేలిక మార్గం: ఆమ్లం తగ్గించే ఒమెప్రజోల్ జాతికి ఏటీసీలో ఏ02బీసీ, ఈఫ్‌ఎంఆర్ఏలో ఏ02బీ2. ఐదో స్థానంలో అక్షరం ఉంటే ఏటీసీ, అంకె ఉంటే రెండోది. దిగుమతి చేసేటప్పుడు ఈ ఒక్క తనిఖీ పెట్టండి.

చివరగా హక్కుల విషయం. ఏటీసీ సూచికపై కాపీరైట్ ఓస్లో కేంద్రానిది. వాణిజ్యపరంగా కాపీ చేసి పంచడానికి, అందులోని విషయాన్ని మార్చడానికి అనుమతి లేదు. మీ సాఫ్ట్‌వేర్‌ను ఇతర ఆసుపత్రులకు అమ్ముతున్నట్టయితే సూచికను అందులో పెట్టేముందు ఆ కేంద్రాన్ని సంప్రదించండి. తెలుగులో గది పేర్లు చూపించాలనుకుంటే వాటిని విడి కాలమ్‌లో మీ అనువాదంగా ఉంచి, అధికారిక పేరును అలాగే వదిలేయండి.